బార్కసు కథ

తాండూరున రైలెక్కి తూర్పుదిక్కుగా పయనించువారు వికారాబాదు దాటి హైదరాబాదు చేరుదురు. వాడి నుండి హైదరాబాదునకు 1874లో నిర్మింపబడిన ఇనుపదారి యిది. తాండూరు నాపరాతికి పేరొందినది. వికారాబాదు అనంతగిరి కొండలకు పేరొందినది. అయితే వికారాబాదు అను పేరులోనే ఒక పాతకథ దాగియున్నది. నవాబు వికారుల్ ఉమ్రా అను ప్రభువు పేరిట ఆ ఊరు వెలసినది. ఆయన 1893 నుండి 1901 వరకు నిజాము రాజ్యమునకు దివానుగా నుండెను.

వికారుల్ ఉమ్రా 'పైగా' వంశమునకు చెందినవాడు. నిజాము ప్రభువునకు సైన్యమును సమకూర్చి పోషించుటకై ఈ వంశమువారికి విశాలమైన భూములు ఇయ్యబడెను. ఆ భూములకే పైగా భూములని పేరు. పల్లెలో రైతు చెల్లించిన శిస్తులో కొంతభాగము ఎచ్చటనో కత్తిపట్టిన సిపాయికి జీతమయ్యెడిది. ఆనాటి రాజ్యము అట్లు నడచెడిది.

ఆ నవాబు 1884లో కట్టింప నారంభించిన ఫలక్‌నుమా సౌధము హైదరాబాదునకు దక్షిణమున ఒక గుట్టపై నేటికిని నిలిచియున్నది. ఆ సౌధమునకు దక్షిణముగా కొలది దూరమున, చాంద్రాయణగుట్టను దాటినంతనే ఒక పేట కలదు. దాని పేరు బార్కసు. ఈ మాట ఉర్దూ కాదు, తెలుగును కాదు. సిపాయిలు నివసించు వరుస యిండ్లను ఆంగ్లేయులు 'బ్యారక్స్' అందురు. ఆ మాటయే జనుల నోట నలిగి బార్కసు అయ్యెను. నిజాము కొలువులోని అరబ్బు సిపాయిలు ఇచ్చట నుండిరి. ఈ తావునకు మైసారమని మరియొక పేరు.

ఈ సిపాయిలు ఎచ్చటివారు? అరేబియా దక్షిణతీరమున, నేటి యెమెను దేశములో, హద్రమౌత్ అను సీమ కలదు. అది వానలు తక్కువైన ఎడారి సీమ. అందలి షిబాము పట్టణమున మట్టియిటుకలతో కట్టిన పలు అంతస్తుల మేడలు లోకప్రసిద్ధములు. పొట్ట చేతబట్టుకొని ఆ సీమ యువకులు సముద్రముదాటి ఇచ్చటికి వచ్చిరి. వారి దళనాయకులకు జమేదారులని పేరు. అట్టి జమేదారులలో నొకడగు ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ హైదరాబాదున ధనమార్జించి, స్వదేశమున ఒక రాజ్యమునకే పునాది వేసెను. ఆ రాజ్యము 1967 వరకు నిలిచినది.

పందొమ్మిదవ శతాబ్దమున అరబ్బు సిపాయి యనిన నగరవాసులకు భయము. కొందరు జమేదారులు వడ్డీవ్యాపారము చేయుచు, అప్పు తీర్పలేనివారిని తమ యిండ్లలోనే బంధించుచుండిరి. 1853లో దివానైన మొదటి సాలార్జంగు ఈ దురాచారమును అణచి, వారిని అదుపులోనికి తెచ్చెను.

కాలము మారినది. 1948 సెప్టెంబరులో నిజాము సైన్యము లొంగిపోయెను. హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. అరబ్బు దళములు రద్దయ్యెను. సిపాయికి జీతము పోయినది, తుపాకి పోయినది, కొలువు పోయినది. ఇంక మిగిలినది తల దాచుకొను గూడు మాత్రమే. కొందరు ఓడనెక్కి పూర్వుల దేశమునకు మరలిపోయిరి. కాని పలువురికి ఆ దేశము తాతలు చెప్పిన కథ మాత్రమే. పుట్టినది ఇచ్చట, పెండ్లాడినది ఇచ్చట, పెద్దలను మట్టిలో దాచినది ఇచ్చటనే. అట్టివారు పోలేకపోయిరి. రాజు కొలువునకై వచ్చినవారి సంతతి, కొలువు పోయిన పిమ్మట దేశపౌరులై నిలిచినది.

నాటినుండి బార్కసు సైనికస్థానము కాదు, సంసారుల పేట. కవాతు జరిగినచోట బజారు వెలసినది. ఇచ్చటి జామపండ్లు పేరొందినవి. గోధుమలను మాంసముతో చేర్చి, మెత్తగా ఉడికించి, మెదిపి వండు హరీసు అను వంటకము వారితో వచ్చినదే. హైదరాబాదువారు మిగుల ఇష్టపడు హలీము ఈ హరీసునకు దగ్గరి చుట్టము. పేర్లకు ముందు 'బిన్', 'బా' అను అక్షరములు నేటికిని పూర్వుల సీమను జ్ఞప్తికి తెచ్చుచున్నవి.

ఇట్టి మార్పు ఇచ్చట మాత్రమే జరుగలేదు. జర్మనీలోని ఫ్రైబుర్గు నగరమున వోబాన్ అను తావులో ఫ్రెంచి సైన్యము విడిసియుండెను. 1992లో ఆ సైన్యము తరలిపోయెను. పిదప పాత సైనికగృహములు కొన్ని విద్యార్థులకును ఇతరులకును నివాసములయ్యెను. చుట్టును క్రొత్త యిండ్లు లేచి, ఆ తావు చక్కని పేటయైనది. అచ్చట ఆ మార్పును పురపాలకులును పౌరులును కూడి ఆలోచించి చేసిరి. బార్కసులో నట్లు కాదు. బ్రదుకుతెరువు పోయిన కుటుంబములు తామున్నచోటనే వేళ్లూని దానిని ఊరుగా మార్చుకొనినవి.

సౌధములకును ఈ మార్పు తప్పలేదు. వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా నిజాము వశమైనది. తరువాత 2010 నుండి అది బాటసారులు ధనమిచ్చి బసచేయు హోటలైనది. ప్రభువు మేడ విడిదియయ్యెను. సిపాయి విడిది యిల్లయ్యెను. కట్టించినవాని తలంపు కట్టడమునకు తొలిరూపు నిచ్చును. కాని అందు పొయ్యి వెలిగించి, బిడ్డలను పెంచి, పొరుగువారితో మంచిచెడ్డలు పంచుకొనినవారే దానికి నిజమైన అర్థము నిత్తురు. నేడు బార్కసు అని పలుకువారిలో ఎందరికో ఆ మాటలో సైన్యము వినబడదు, ఊరే వినబడును.

ప్రశ్నలు

1. వికారాబాదునకు ఆ పేరెట్లు వచ్చినది? పైగా భూములనగా నేమి?
2. బార్కసు అను మాట ఎట్లు పుట్టినది?
3. 1948 తరువాత అరబ్బు సిపాయిలకు కలిగిన చిక్కు యేది? పలువురు ఇచ్చటనే యేల నిలిచిపోయిరి?
4. వోబాన్‌లోని మార్పునకును బార్కసులోని మార్పునకును గల భేదమును వ్రాయుము.
5. నీ ఊరిలో ఒకపనికై కట్టబడి, నేడు వేరొకపనికి ఉపయోగపడుచున్న కట్టడమును గూర్చి పెద్దల నడిగి తెలిసికొని పది వాక్యములు వ్రాయుము.