చౌడు నేల చదువు, గోల్ఫ్ కొలువు

డిగ్రీ చేతికొచ్చింది. గోల్ఫ్ అంటే ప్రాణం. ఈ రెండిటినీ కలిపి బతుకుదెరువు చేసుకోవడం ఎలా? కువైట్‌లోని హవల్లీలో అమ్మానాన్నల దగ్గర ఉంటూ ఈ ఆలోచనలో పడ్డ మన పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

గోల్ఫ్ అనగానే మనవాళ్లకు సాహిత్ తీగల గుర్తొస్తాడు. హైదరాబాద్ నుంచి వెళ్లిన కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదువుతూనే ఆడి, అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో మేటి ఆటగాడికిచ్చే హాస్కిన్స్ అవార్డును 2020లో అందుకున్నాడు. 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో ఖాతా తెరిచాడు. అయితే బంతి కొట్టి జీతం సంపాదించేవాళ్లు ఏ దేశంలోనైనా కొద్దిమందే. ఆ బంతి దొర్లే నేలను, ఆ క్లబ్బును, ఆ ఆటగాడి నడుమును కాపాడేవాళ్లు మాత్రం చాలామంది కావాలి. కొలువులు వెతకాల్సింది అక్కడే.

ముందుగా, ఆటలో మిమ్మల్ని పట్టుకున్నది ఏమిటో తేల్చుకోండి. స్వింగ్‌లో శరీరం ఎలా తిరుగుతుందో చూస్తూ ఉండిపోతారా? ఫిజియోథెరపీ చదివినవారి దారి అది. మనుషులు, లెక్కలు, టోర్నమెంట్ ఏర్పాట్లు ఇష్టమా? బీకాం, హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్లకు క్లబ్ నిర్వహణ ఉంది. అమెరికాలోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీ 1975లోనే వ్యాపార చదువుతో గోల్ఫ్‌ను కలిపి కోర్సు పెట్టింది. నేర్పడం ఇష్టమైతే ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద పనిచేసే నేషనల్ గోల్ఫ్ అకాడమీలో కోచ్ శిక్షణ తీసుకోవచ్చు. ఇవన్నీ మంచి దారులే. కానీ గల్ఫ్‌లో మన డిగ్రీకి అన్నిటికన్నా బలమున్న చోటు నేల. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్ చదివిన పిల్లలు దీన్ని గుర్తించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎందుకంటే, కువైట్‌లో గోల్ఫ్ అసలు పచ్చిక లేకుండానే మొదలైంది. ఆయిల్ కంపెనీ ఊరైన అహ్మదీలో ఇసుక మీదే ఆడేవారు. గ్రీన్‌ల స్థానంలో నూనె కలిపి చదును చేసిన ఇసుక ఉండేది, వాటిని బ్రౌన్స్ అనేవారు. గల్ఫ్‌లో మొదటి పచ్చిక కోర్సు 1988లో దుబాయ్‌లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో వచ్చింది. ఇప్పుడు హవల్లీ నుంచి కారులో కాసేపు వెళ్తే ఆరో రింగ్ రోడ్డు వైపు సహారా గోల్ఫ్ అండ్ కంట్రీ క్లబ్‌లో పచ్చటి ఫెయిర్‌వేలు కనిపిస్తాయి. 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైన దేశంలో గడ్డి బతికి ఉందంటే, దాని వెనుక నీటినీ ఉప్పునూ లెక్కగట్టే మనిషి ఉన్నాడని అర్థం.

ఆ లెక్క మీకు కొత్తది కాదు. చౌడు భూముల పాఠం తిరగేయండి. మట్టి సారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసిసీమెన్స్ దాటితే అది పాలచౌడు. మంచినీరు ఎక్కువగా పెట్టి, ఉప్పును వేరు కిందికి కడిగి, మురుగుకాలువ గుండా బయటికి పంపాలి. సోడియం పేరుకున్న కారుచౌడుకు జిప్సం వేయాలి. బాపట్లలో ఉప్పునీటి సాగు మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. మన కోస్తా రైతు వరిచేలో చేసిన పనినే ఇక్కడ కోర్సు నేలను చూసుకునే సూపరింటెండెంట్ గ్రీన్ మీద చేస్తాడు. ఫెయిర్‌వేల మీది బెర్ముడా గడ్డి కూడా మన గరిక జాతే. దాన్ని ఆఫ్రికా గరికతో సంకరం చేసి, అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ పేరున్న రకాలు తీశాడు. ఉప్పు మరీ ఎక్కువైన చోట పాస్పలమ్ వేస్తారు. అది సముద్రపు ఒడ్డున పెరిగే గడ్డి.

ఇక చేత్తో చేయాల్సిన పని. రెండు లోతైన బకెట్లు తెచ్చి అడుగున రంధ్రాలు పెట్టండి. కింద 10 సెంటీమీటర్ల గులకరాయి, పైన 30 సెంటీమీటర్ల కడిగిన ఇసుక పోయండి. అమెరికా గోల్ఫ్ సంఘం గ్రీన్ కట్టడానికి చెప్పే కొలతలు దాదాపు ఇవే. అల్ రాయ్ నర్సరీల్లో గడ్డి దొరుకుతుంది. ఒక బకెట్‌కు కుళాయి నీరు పెట్టండి. కువైట్ కుళాయి నీరు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసినది కాబట్టి పోలికకు పనికొస్తుంది. రెండోదానికి కొలిచి ఉప్పు కలిపిన నీరు పెట్టండి. కింద కారిన నీటి వాహకతను చిన్న ఈసీ మీటర్‌తో వారం వారం కొలిచి, తేదీతో రాసి, ఫొటో తీయండి. ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి గడిచేదాకా ఆపకండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే ఈ నోట్‌బుక్కే ఎక్కువ మాట్లాడుతుంది.

బకెట్ తర్వాత కోర్సు. పద్దెనిమిది హోల్స్ కోర్సు అంటే సుమారు 120 నుంచి 150 ఎకరాల సేద్యం. గ్రీన్ మీద గడ్డిని రోజూ మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు, బంతి దొర్లే దూరాన్ని స్టింప్‌మీటర్‌తో కొలుస్తారు. ఇది పుస్తకంలో రాదు, కోర్సులో పనిచేసే నేర్చుకోవాలి. అయితే కుటుంబ వీసా, అంటే ఆర్టికల్ 22 అకామా మీద ఉన్నవారు ఇక్కడ జీతానికి పనిచేయకూడదు. ఎవరైనా పర్లేదని చెప్పినా వినకండి. దానికి బదులు ఒక సీజను స్వదేశానికి వెళ్లండి. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ ఉన్నాయి. ట్రైనీగా తీసుకోమని సూపరింటెండెంట్‌కు నేరుగా ఉత్తరం రాయండి. మోటారు, స్ప్రింక్లరు, మోయర్ బ్లేడు మూడూ మీ చేతుల మీదుగా నడిచాకే అనుభవం అని రాసుకోండి.

ఊళ్లో ఉండగానే కాగితాల పని ముగించండి. డిగ్రీకి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, కువైట్ రాయబార కార్యాలయం వరసగా ముద్రలు (అటెస్టేషన్) వేయాలి. తర్వాత కువైట్ విదేశాంగ శాఖ ముద్ర. బీటెక్ వాళ్లు నీటిపారుదల ఇంజనీరు హోదా కోరుకుంటే కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ ఆమోదం కూడా కావాలి. నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) గుర్తింపు లేని కోర్సులు చదివిన మనవాళ్లు 2018 నుంచి అక్కడ చిక్కుల్లో పడ్డారు. మీ కాలేజీ, మీ బ్రాంచి, మీరు చదివిన సంవత్సరం మూడిటినీ ముందే సరిచూసుకోండి.

దరఖాస్తులో గోల్ఫ్ మీద ప్రేమను ఒక్క వాక్యంలో చెప్పి ఆపేయండి. మిగిలినదంతా ఉప్పు అంకెలు, నీటి లెక్కలు, మీరు నడిపిన యంత్రాలు. మీ హ్యాండిక్యాప్ కూడా రాయండి. ఆడే మనిషికి గ్రీన్ ఎక్కడ దెబ్బతిందో బంతి పోకడను బట్టే తెలుస్తుంది, అది యజమానికీ తెలుసు.

కువైట్‌లో పచ్చిక కోర్సులు బహు తక్కువ. కాబట్టి దుబాయ్, అబుదాబి, దోహా, మస్కట్‌లకూ అదే రోజు పంపండి. ప్రయాణానికి, ముద్రలకు ఖర్చులన్నీ పెట్టేముందు ఒక్క పని చేయండి. వేసవిలో ఇక్కడ పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని నిషేధం కాబట్టి బరువు పనంతా తెల్లవారుజామునే జరుగుతుంది. జులైలో ఒకరోజు అనుమతి అడిగి ఆ వేళకు కోర్సుకు వెళ్లండి, బ్యాగు ఇంట్లోనే పెట్టి. ఎండెక్కేదాకా ఉండి, మర్నాడూ రావాలనిపిస్తేనే అటెస్టేషన్‌కు డబ్బు కట్టండి.