గుడ్లగూబ కూసిన రాత్రి

ఈ పాఠమునకు ముందుగా మొదటి రాజుల గ్రంథము 17వ అధ్యాయమును ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొనుడి.



నా చిన్నతనములో మా పల్లె మందిరపు గంట గోపురములో ఒక గుడ్లగూబల జంట కాపురముండెను. సాయంకాలపు ఆరాధన ముగిసి మేము లాంతరులు పట్టుకొని ఇండ్లకు పోవు వేళ, అవి మా తలలమీదుగా చప్పుడు లేకుండ ఎగిరిపోవుచుండెడివి. పెద్దలు "చావుపిట్ట" అని ఉమ్మివేసెడివారు. పిల్లలమైన మేము రాళ్లు రువ్వెడివారము. ఒక యేడు మా పేటలో జ్వరముతో ఒక ముసలాయన చనిపోయెను. మరునాడే కొందరు యువకులు నిచ్చెన వేసి యెక్కి, గూడు పీకి, పిల్లలను క్రింద పడవేసిరి. కీడు తొలగినదని అందరము సంతోషించితిమి. ఆ నిచ్చెన పట్టుకొన్నవారిలో నేనును ఒకడను.

1. ఆ పక్షి చేయు పని

గూటి క్రింద నల్లని ఉండలు కొన్ని పడియుండెను. అవి యేమో మాకు తెలియదు. గుడ్లగూబ ఎలుకను చాలవరకు అట్లే మ్రింగును. అరగని యెముకలను, వెండ్రుకలను ఉండగా చేసి మరల కక్కివేయును. అట్టి ఉండను నీళ్లలో నానబెట్టి విప్పినయెడల, అది తిన్న ఎలుకల పుఱ్ఱెలను లెక్కింపవచ్చును. గోపురములలో గూడు పెట్టు ఈ జాతి గుడ్లగూబకు చెవులు రెండును ఒకే ఎత్తున ఉండవు. అందుచేత చిమ్మచీకటిలోను ఎలుక అలికిడి యెక్కడనుండి వచ్చుచున్నదో కనిపెట్టగలదు. రెక్కల అంచున మెత్తని కుచ్చులుండుటచేత అది ఎగురునప్పుడు చప్పుడు కాదు.

పందికొక్కు వరి వెన్నులను కొరికి బొరియలో దాచుకొనునని రైతులందరికి తెలియును. నెల్లూరు ప్రాంతపు యానాదులు అట్టి బొరియలు త్రవ్వి ధాన్యము తీయుదురు. పగలు చేనికి మనము కావలి కాయగలము. రాత్రి కాయువాడెవడు? సృష్టికర్త నియమించిన ఆ కావలివానినే మేము గోపురమునుండి పడద్రోసితిమి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము గుడ్లగూబకు రక్షణ కల్పించినది. అయితే చట్టము మన చేతిని ఆపునే గాని మనస్సును మార్చలేదు.

2. మనస్సు ఎట్లు మోసపోవును

గుడ్లగూబ ఏడాది పొడుగున కూయుచునే యుండును. అది కూసిన రాత్రులలో ఏ మరణమును లేని రాత్రులే మెండు. వాటిని మరచిపోవుదుము. కూతయు చావును కలిసిన ఒక్క రాత్రిని మాత్రము తరతరములు చెప్పుకొందుము. మరియొక సంగతి. రోగి యున్న ఇంటివారు తెల్లవార్లు మేలుకొని యుందురు. మేలుకొన్నవారికే కూత వినబడును. నిద్రించువారి ఇంటిమీదను అది కూసినదే గాని వారు వినలేదు.

నమ్మనివారు పరీక్షింపవచ్చును. కూత విన్న ప్రతి రాత్రికి గోడమీద బొగ్గుతో ఒక గీత గీయుడి. ఊరిలో మరణము కలిగిన దినమున ఒక చుక్క పెట్టుడి. సంవత్సరాంతమున గీతలను చుక్కలను సరిచూడుడి. లేవీయకాండము 11వ అధ్యాయములో గుడ్లగూబ తినకూడని పక్షులలో చేర్చబడినది. దాని కూత చావు తెచ్చునని మాత్రము అక్కడ వ్రాయబడలేదు. అదే గ్రంథము 19వ అధ్యాయము శకునములను నమ్ముటనే నిషేధించుచున్నది.

3. ఎదురు వచ్చిన మనుష్యులు

పక్షి విషయమై తప్పిన మనస్సు మనుష్యుల విషయమై తప్పకుండునా? నా పెద్దమ్మ పిన్నవయస్సుననే విధవరాలై మా ఇంటనే యుండెను. తెల్లవారుజామున లేచి, దీపము వెలిగించి, నన్ను చదువుకు లేపినది ఆమెయే. నేను పెద్ద పరీక్షకు బయలుదేరిన దినమున ఆమె నీళ్లబిందెతో ఎదురు వచ్చుచు, నన్ను చూచి గభాలున గోడచాటునకు తప్పుకొనెను. "రా పెద్దమ్మా, దీవించు" అని నేను అనవలసినది. అనలేదు. ఆమె కనుమరుగగువరకు గడపలో నిలిచి, తరువాత బయలుదేరితిని. బాప్తిస్మము పొందిన కుటుంబమే మాది.

విధవా పునర్వివాహమునకు చట్టము 1856లోనే వచ్చినది. అయినను వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ ఇరువదియైదు సంవత్సరములు గడచెను.

ఇప్పుడు ఏలీయాను తలంచుకొనుడి. కరవు కాలమున అతడు సారెపతు ఊరి గవిని చేరగా ఎదురైనది ఎవరు? కట్టెలు ఏరుకొనుచున్న ఒక విధవరాలు. మన ఊరి లెక్క ప్రకారము విధవయు దుశ్శకునమే, కట్టెలును దుశ్శకునమే. శకునము చూచి అతడు వెనుకకు మరలినయెడల ఏమగును? అతనికి ఆహారము లేదు. ఆమెకు, ఆమె కుమారునికి మిగిలినది పిడికెడు పిండి, కొంచెము నూనె మాత్రమే. అతడు ఆమెను పిలిచెను. ఆ యింటిలో పిండియు నూనెయు తరుగలేదు. దేవుడు తన ప్రవక్తకు అన్నము పెట్టుటకు ఏర్పరచుకొన్న చేతులు, మనము గోడచాటునకు పంపు చేతులే.

మా పెద్దమ్మను క్షమింపుమని అడుగుటకు నాకు చాల ఏండ్లు పట్టెను. అప్పటికి ఆమెకు చెవులు వినబడుట లేదు. నా చేయి పట్టుకొని, బువ్వ తింటివా అని మాత్రము అడిగెను. మీ ఇంటి పెద్దమ్మకు ఇంకను చెవులు వినబడుచుండగనే మాటలాడుడి. రాబోవు పెండ్లిలో వధువును సిద్ధపరచు చేతులలో ఆమె చేయియు ఉండనిండి. ప్రయాణమై పోవునప్పుడు ఆమెను ఎదురు రమ్మని పిలువుడి.

ఆలోచించుటకు:

1. మన సంఘములో శుభకార్యములనాడు వెనుక వరుసలో కూర్చుండువారు ఎవరు? వారిని అక్కడ కూర్చుండబెట్టినది ఎవరు?

2. వినికిడిచేత మాత్రమే మనము భయపడు ప్రాణి, మనుష్యుడు, లేక కులము ఏది?

3. ఈ నెలలో ఎవరిని పేరుపెట్టి పిలిచి మన భోజనపు బల్లయొద్ద కూర్చుండబెట్టుదుము?