ఎనిమిది విడతల మాత్రలు

మదురై

చిట్టీ,

ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. సత్రపట్టిలో మీ ఇంటిల్లిపాదికీ తెలుగు నోట్లో ఆడుతుంది గాని కళ్ళకు ఆనదు. చదవగలిగేది నువ్వొక్కదానివే, అదీ వేసవి సెలవుల్లో నీ చేత నేను అక్షరాలు దిద్దించాను గనక. మీ ఆయన తిప్పి చూసినా, మీ అత్తగారు దిండు కింద వెతికి తీసినా ఏమీ తేలదు. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

మొన్న ఫోన్లో నువ్వు ఏడవలేదు. "మళ్ళీ కీమో అంటున్నారు పెద్దమ్మా, ఇక చాలనిపిస్తోంది" అన్నావు, అంతే. క్యాన్సర్ వార్డులో నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, ఆ "చాలు" చాలామంది నోట విన్నాను. కొందరి విషయంలో అది సరైన మాట. కొందరికి అది అలసట పలికించిన మాట, నాలుగు వారాలు తిండీ నిద్రా కుదిరాక వాళ్ళే మార్చుకున్నారు. నీది ఏదో నాకు తెలీదు, నువ్వే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు నీ ముందున్న విషయం ఏమిటో మాత్రం సరిగ్గా తెలియాలి. డాక్టరు గదిలో అయిదు నిమిషాల్లో అది ఎవరికీ తలకెక్కదు.

నువ్వు పంపిన రిపోర్టు నిదానంగా చదివాను. నీది ట్రిపుల్ నెగెటివ్. ఈస్ట్రోజన్ రిసెప్టార్, ప్రొజెస్టిరాన్ రిసెప్టార్, హెర్2, ఈ మూడింటిలో ఏదీ లేని గడ్డ. అందుకే మీ వీధిలో ఆవిడ ఏళ్ళ తరబడి మింగుతున్న టామాక్సిఫెన్ మాత్ర నీకు పనికిరాదు, హెర్సెప్టిన్ ఇంజెక్షనూ పనికిరాదు. మన చేతిలో ఉన్నది ముఖ్యంగా కీమోనే. నాలుగు విడతలు ఎర్ర మందు, ఆ తర్వాత పన్నెండు వారాలు పాక్లిటాక్సెల్ ఎక్కించుకున్నాకే ఆపరేషన్ చేశారు. అయినా తీసిన రొమ్ములో ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ, చంక గ్రంథులు రెండింటిలో కణాలు మిగిలే ఉన్నాయని బయాప్సీ చెప్తోంది. మీ ఊళ్ళో గుడ్డను ఎంత బ్లీచింగ్ చేసినా ఒక్కోసారి నూనె మరక కొన్ని పోగుల్లో ఉండిపోతుంది చూడు, అలాగ. కనపడినదంతా కోసి తీసేశారు. కానీ అంత మందుకు లొంగని కణాలు రొమ్ములో ఉన్నప్పుడు, అలాంటివే స్కాన్‌కు చిక్కనంత చిన్నవి ఒంట్లో ఇంకెక్కడైనా ఉండొచ్చు. డాక్టరు కాపెసిటబిన్ మాత్రలు రాసింది ఆ అనుమానంతోనే.

ఈ మాత్రలు ఎంతవరకు పనిచేస్తాయన్నదానికి లెక్క ఉంది. సరిగ్గా నీలాంటి వాళ్ళ మీదే, అంటే ముందు కీమో చేశాక ఆపరేషన్‌లో ఇంకా గడ్డ మిగిలి కనపడిన ఆడవాళ్ళ మీద, జపాన్, కొరియా డాక్టర్లు పరీక్షించి 2017లో ప్రచురించారు. మొత్తం 910 మంది, అందులో ట్రిపుల్ నెగెటివ్ వాళ్ళు మూడో వంతుకు దగ్గర. వాళ్ళ సంగతే చూడు. మాత్రలు వేసుకోనివాళ్ళలో అయిదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది నూటికి 56 మంది. వేసుకున్నవాళ్ళలో 70 మంది. బతికి ఉన్నవాళ్ళ లెక్క తీస్తే మాత్రలు లేకుండా 70, మాత్రలతో 79.

ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చదువు. వందలో 56 మందికి మాత్ర లేకపోయినా ఏమీ కాలేదు. 30 మందికి మాత్ర వేసుకున్నా తిరగబెట్టింది. మధ్యలో పద్నాలుగు మంది ఉన్నారు, మాత్ర కాపాడింది వాళ్ళని. నువ్వు ఏ గుంపులో పడతావో మీ డాక్టరూ చెప్పలేడు, ఏ జోస్యుడూ చెప్పలేడు. "ఇది వేసుకుంటే తగ్గిపోతుంది" అన్నవాళ్ళనీ, "ఇదంతా దండగ" అన్నవాళ్ళనీ సమానంగా నమ్మకు. ఇంకొక్క మాట. ఈ రకం గడ్డ తిరగబెడితే చాలావరకు మొదటి మూడేళ్ళలోనే తిరగబెడుతుంది. అవి దాటేకొద్దీ భయం తగ్గుతూ వస్తుంది. ఇప్పటి ఆరు నెలల శ్రమకు విలువ అక్కడుంది.

కీమో అనగానే నీకు ఎర్ర మందు రోజులు గుర్తుకొచ్చి ఉంటాయి. ఇది దాని అంత కాదు. సూది లేదు, వార్డులో పడుకోవడం లేదు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, తిన్న అరగంటలోపు మింగాలి. పద్నాలుగు రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపాలి, అది ఒక విడత. అలాంటివి ఎనిమిది. ఇప్పుడిప్పుడే మొలుస్తున్న నీ జుట్టు దీనితో చాలామందికి ఊడదు. నీ పాదాల తిమ్మిరి పాక్లిటాక్సెల్ పని, అది నెలల మీద నెమ్మదిగా తగ్గుతుంది.

నీ విషయంలో నన్ను ఆలోచనలో పడేసింది ఒక్కటే, చేతులు. ఈ మందు అరచేతుల్నీ అరికాళ్ళనీ పట్టుకుంటుంది. ఎర్రబడతాయి, మండుతాయి, కొందరికి చర్మం పొరలుగా లేస్తుంది. ఆ పరీక్షలో నూటికి 70 మందికి పైగా ఎంతో కొంత వచ్చింది, తీవ్రంగా వచ్చింది నూటికి పదకొండు మందికి. ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాళ్ళకు అది ఒక ఇబ్బంది. నీకు బతుకుతెరువు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్యాండేజి గుడ్డ మడిచి, చుట్టలు చుట్టి, ఎన్ని చుట్టలు చుడితే అంత కూలి తీసుకునే మనిషివి. ఎవరెవరి పుళ్ళకో కట్టే గుడ్డ నీ చేతుల మీదుగా పోతుంది, నీ అరచేతులకే పుండు పడితే ఎలా? ఈ సంగతి డాక్టరుకు చెప్పావా? చెప్పి ఉండవు. "ఏం పని చేస్తావమ్మా" అని ఆయన అడిగితే "ఇంట్లోనే సార్" అంటావు, నాకు తెలుసు నీ సంగతి.

చెప్పు. ఎందుకంటే దీనికి చేయగలిగింది ఉంది. మోకాళ్ళ నొప్పికి మీ అత్తగారు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ ఉంది చూడు, దాన్ని రోజుకు రెండుసార్లు చేతులకు రాస్తే ఈ బాధ చాలా తగ్గుతుందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2024లో నిరూపించారు. కాస్త గట్టిగా వచ్చే బాధ మందు లేని ఉత్త జెల్ రాసుకున్నవాళ్ళలో నూటికి 15 మందికి వస్తే, ఈ జెల్ రాసుకున్నవాళ్ళలో నలుగురికే వచ్చింది. మాత్రలు మొదలైన రోజు నుంచే రాసుకోవాలి. నీకు సరిపడుతుందో లేదో మాత్రం ముందు ఆయన్ని అడుగు. వేడి నీళ్ళలో చేతులు పెట్టకు, బిగుతు చెప్పులు వేసుకోకు. ఆ ఆరు నెలలూ చుట్టలు చుట్టడం మానేసి లెక్క రాసే పనో, లేబుళ్ళు అంటించే పనో ఇమ్మని యూనిట్ వాళ్ళని అడుగు. కూలి తగ్గుతుంది. తగ్గినంత నేను పంపుతాను, దీని మీద వాదన వద్దు.

ఇంకో చిన్న సంగతి, వింటే నవ్వుతావు. ఈ మందు వాడేవాళ్ళకు వేలిముద్రలు అరిగిపోవడం ఉంది. రేషన్ దుకాణంలో మిషన్ మీద నువ్వు వేలు పెడితే అది నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. బియ్యం తేవడానికి మీ ఆయన్ని పంపు, ఆ వంకన ఆ క్యూ ఎంతుంటుందో ఆయనకీ తెలుస్తుంది.

ఒకసారి ఒప్పుకుంటే ఇక ఆరు నెలలూ తప్పదు అనుకుని భయపడుతున్నావేమో. అలా ఏమీ లేదు. ఆ జపాన్, కొరియా పరీక్షలో చాలామందికి మధ్యలో డోసు తగ్గించాల్సి వచ్చింది, కొందరు ఎనిమిది విడతలు పూర్తికాకుండానే ఆపేశారు. నేను పైన చెప్పిన 70, 79 లెక్కల్లో వాళ్ళూ ఉన్నారు. ఓర్చుకోలేకపోతే డోసు తగ్గించమని అడగడం తప్పు కాదు, పారిపోవడమూ కాదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. విరేచనాలు ఎక్కువైనా, నోరంతా పూసినా, జ్వరం వచ్చినా ఆ పూట మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలి, తెల్లారనీ చూద్దాం అనుకోకూడదు. బలానికని ఎవరైనా ఫోలిక్ యాసిడ్ కలిసిన విటమిన్లు తెచ్చిస్తే డాక్టరుకు చూపించకుండా వేసుకోకు, ఈ మందు విషాన్ని అది పెంచుతుంది. ముళ్ళ సీతాఫలం ఆకు కషాయం గురించి మీ ఆడపడుచు చెప్పిందన్నావు. ప్రేమతో చెప్పింది, తిట్టకు. తాగకు.

మీ మరిది "పెద్ద ఆసుపత్రికి పోదాం, ఇంతకంటే గట్టి మందు ఎక్కిస్తారు" అంటున్నాడట. అదీ చేసి చూశారు. ఇలాగే గడ్డ మిగిలిన ట్రిపుల్ నెగెటివ్ వాళ్ళలో కొందరికి ప్లాటినం మందు ఎక్కించి, కొందరికి ఇవే మాత్రలు ఇచ్చారు. 2021లో ఫలితం వచ్చింది. ఎక్కించిన మందు మేలు కాలేదు సరికదా బాధలు ఎక్కువ పెట్టింది. ఖర్చు పెడితేనే వైద్యం అనుకునే జబ్బు మన ఇళ్ళలో చాలా పాతది. నీకు రెండో అభిప్రాయం కావాలంటే అది వేరే సంగతి, అది నీ హక్కు. రాజపాళయంలో సాయంత్రం పొదిగై ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించుకుందాం. 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు దాన్ని మొదలుపెట్టించింది సొంత చెల్లెలు ఈ జబ్బుతో పోతుంటే చూడలేకే. క్యాన్సర్ రోగికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది, తోడుగా వచ్చేవాళ్ళకీ ఉంది. ఆసుపత్రిలో ఫారం రాయించుకోవాలి.

డాక్టరును అడగాల్సింది ఇంకొకటుంది, నీకోసమే కాదు. మీ మేనత్త నలభై అయిదేళ్ళకే "కడుపులో గడ్డ"తో పోయింది గుర్తుందా? అది అండాశయం గడ్డ అని, నీ జబ్బుకూ దానికీ మూలం ఒకటే కావచ్చని నా అనుమానం. సినిమాల్లో వేసే హంసానందిని 2021లో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని బయటికి చెప్పింది. వాళ్ళ అమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయింది. పరీక్ష చేయిస్తే బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉందని తేలింది. ఆ లోపం తల్లి వైపు నుంచే రానక్కర్లేదు, తండ్రి వైపు నుంచీ వస్తుంది. నీకూ ఆ రక్తపరీక్ష చేయించమని అడుగు. ఉందని తేలితే ఒలాపరిబ్ అనే వేరే మాత్ర గురించి మాట్లాడాల్సి వస్తుంది, అప్పుడు లెక్కంతా మారుతుంది. నీ చెల్లెళ్ళు ముందే జాగ్రత్త పడొచ్చు. ముఖ్యమంత్రి బీమా కార్డులో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఉంది. మాత్రలు, ఈ పరీక్ష అందులో వస్తాయో రావో కౌంటర్‌లో నువ్వే నిలబడి కనుక్కో.

ఇక ఇంట్లో వాళ్ళ సంగతి. మీ ఆయన "ఏది చెప్తే అది చేయించుకో" అంటాడు, నువ్వు లేకపోతే అన్న భయం అది. మీ అత్తగారు "పిల్ల సగమైంది, ఇక వదిలెయ్యండి" అంటుంది, అదీ ప్రేమే. ఇద్దరి మాటా విను. ఇద్దరి కోసమూ నిర్ణయించకు. ఎప్పుడైనా ఈ జబ్బు ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిన రోజు వస్తే, అప్పుడు ఇంకో కీమో వద్దని నువ్వంటే మీ ఆయనతో పోట్లాడేదాన్ని నేనే. ఆ దశలో మందు ఎన్నాళ్ళు ఇస్తుంది, ఆ నాళ్ళు ఎలా గడుస్తాయి అన్నదే ప్రశ్న. నొప్పి లేకుండా, ఇంట్లో మనుషుల మధ్య ఉండడం కూడా వైద్యమే. ఇవాళ నీ ముందున్న ప్రశ్న అది కాదు. ఇవాళ నీ ఒంట్లో కనపడే జబ్బేమీ లేదు. అది తిరిగి రాకుండా చూసుకోవడానికి ఒక అవకాశం ఉంది, అంతే.

నన్నడిగితే మొదలుపెట్టమంటాను. రెండు విడతలు చూడు, చేతులు, కడుపు ఎలా ఉన్నాయో చూసుకుని మూడోదాని సంగతి మాట్లాడదాం. వద్దనే అనుకుంటే అదీ నాకు చెప్పు. నీ పక్కన కూర్చుని డాక్టరుతో ఆ మాట నేను చెప్పిస్తాను. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి చూపించుకోవడం, రెండో రొమ్ముకు ఏటా మామోగ్రాం మానకూడదు. మాత్రలకు ముందు రేడియేషన్ ఉంది కదా, అది అయ్యేదాకా ఆలోచించుకునే వ్యవధి ఉంది. అది దాటి నెలలు సాగదీయకు.

మొదలుపెట్టేట్టయితే క్యాలెండరు దగ్గర పెట్టుకుని మూడేసి వారాలు లెక్క కట్టు. పొంగల్ నాటికి మాత్రలు ఆపిన వారం పడేలా మొదటి రోజు పెట్టమని డాక్టరును అడుగు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపడానికి సాధారణంగా ఒప్పుకుంటారు.

నీ పెద్దమ్మ