చరిత్రకారుని ప్రత్యేక రంగం

విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలలో ఆచార్యుల పేర్ల పక్కన 'ప్రాచీన భారతం', 'మధ్యయుగం', 'ఆధునిక యుగం' అని వారి పరిశోధన రంగాలు పేర్కొనబడి ఉంటాయి. కాలాన్ని మూడు గదులుగా పంచుకొన్నారని విద్యార్థికి తోచవచ్చు. కాని ఆ కాలపు ఆధారాలు ఏ భాషలో, ఏ లిపిలో ఉన్నవన్నదే అసలు ప్రశ్న.

ఢిల్లీలో 1969లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు చరిత్ర అధ్యయన కేంద్రాన్ని తీర్చిదిద్దిన తొలితరం వారిలో రొమిలా థాపర్ అశోకుని యుగంపైన, సతీశ్ చంద్ర మొగలు దర్బారు రాజకీయాలపైన, బిపన్ చంద్ర ఆర్థిక జాతీయవాదంపైన కృషి చేశారు. తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి గోపాల్ వైస్రాయిల పాలనను పరిశోధించి, నెహ్రూ జీవితచరిత్రను మూడు సంపుటాలలో రచించారు. అశోకుని కోసం ప్రాకృతం, బ్రాహ్మీ లిపి కావాలి. మొగలుల కోసం పారశీకం. వైస్రాయిల కోసం ఆంగ్ల ప్రభుత్వ పత్రాలు. అనంతరం అదే కేంద్రంలో ఆర్. చంపకలక్ష్మి తమిళ శాసనాల ఆధారంతో దక్షిణాది నగరాల చరిత్రను వివరించారు.

ఇట్టివారిని హిందీలో 'విశేషజ్ఞ' అంటారు. అనువాదంలో నేను 'నిపుణుడు' అని వాడుతుంటాను. ఆ మాటలో చేతిపని తెలిసినవాడనే ఛాయ ఉన్నది. చరిత్రకారునికి అదే తగినదని నా అభిప్రాయం.

అయితే ఒకే సంఘటన రెండు భాషలలో నమోదై ఉంటే? 1323లో ఢిల్లీ సేన ఓరుగల్లును జయించి కాకతి ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపింది. పారశీక చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్, ఆ రాజు దారిలోనే మరణించాడని మాత్రం వ్రాశాడు. ఎక్కడ? దానికి సమాధానం కోనసీమలోని విలస గ్రామంలో లభించిన ప్రోలయనాయకుని తామ్రశాసనంలో ఉన్నది: నర్మదా తీరాన. సంస్కృత భాషలో, తెలుగు లిపిలో ఉన్న ఈ శాసనాన్ని నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ పరిష్కరించి ప్రకటించారు.

పారశీకం మాత్రమే చదివినవారికి ఈ నర్మద తెలియదు. శాసనం మాత్రమే చదివినవారికి కథ ఆ ఒడ్డునే ఆగిపోతుంది. ప్రతాపరుద్రుని కొలువులో ఉన్నతస్థానంలో ఉండిన ఒక తెలుగువాడు ఢిల్లీ చేరి, ఇస్లాం స్వీకరించి, మక్బూల్ అన్న పేరుతో ఫిరోజ్ షా తుగ్లక్‌కు ప్రధానమంత్రి అయిన వృత్తాంతం అఫీఫ్ గ్రంథంలోనే ఉన్నది. అతనికి చదవను వ్రాయను రాదట. బుద్ధి మాత్రం అపారమట!

ఢిల్లీలో చరిత్ర చదివే తెలుగు విద్యార్థి నిజాముద్దీన్ ఇరుకు సందులలోనికి వెళితే, ఎనిమిది ముఖాల రాతి కట్టడమొకటి కనిపిస్తుంది. అది ఖాన్-ఇ-జహాన్ తిలంగానీ సమాధి. తిలంగానీ అంటే తెలంగాణ వాడు. అతడే ఆ మక్బూల్.