మన కుక్క – మన అడవి



కుక్క విశ్వాసం గల జంతువు అని చిన్న తరగతిలోనే చదువుకున్నాం. మా పెంటలో మాకూ ఒక కుక్క ఉంది. పేరు కర్రోడు. మా నాయిన తేనెకు పోతే అది ముందట నడుస్తది. ఎలుగుబంటి వాసన పట్టి మొరుగుతది. అయినా కుక్క వల్ల అడవికి ఏమి నష్టమో కూడా మనం తెలుసుకోవాలి.

మొదటిది తిండి. అమెరికాలో కుక్కలు, పిల్లులు కలిపి సుమారు 16 కోట్లు. వాటి మేతలో మాంసం ఎక్కువ. ఆ దేశంలో మాంసం, పాల వంటి వాటి ఉత్పత్తి వల్ల భూమికి, నీటికి పడే భారంలో 25 నుండి 30 శాతం వీటి తిండిదేనని 2017లో గ్రెగరీ ఓకిన్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టారు. మన కుక్క తినేది మిగిలిన గట్క, అన్నం. గిన్నె దగ్గర దాని అడుగుజాడ చిన్నదే. అడవిలో మాత్రం పెద్దది.

అది కుందేళ్లను, దుప్పి పిల్లలను తరుముతది. అంతకంటే పెద్ద భయం రోగం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ పులులకు, చిరుతలకు, సింహాలకు కూడా సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడింట ఒక వంతు సింహాలు, అంటే సుమారు 1000, దీనితో చనిపోయాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోతే కొన్నింటిలో ఇదే వైరస్ దొరికింది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని మన అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. మన పెంటలు దాని లోపలనే ఉన్నయి. చిరుతకు కుక్క అంటే ఇష్టమైన ఆహారం.

పోయిన దసరా సెలవులకు నేను హాస్టల్ దగ్గరి కుక్కపిల్లను ఇంటికి తీసుకపోయిన. పది రోజులకు దానికి ముక్కు కారింది, వణికి వణికి చచ్చిపోయింది. ఏం రోగమో తెల్వదు. వాగు అవతల పారేసి వచ్చిన. అది తప్పని ఇప్పుడు తెలిసింది. లోతుగా పూడ్చిపెట్టాల్సింది.

మరి కుక్కలను వెళ్లగొట్టాలా? వద్దు. వెళ్లగొడితే అవి ఆకలికి ఇంకా ఎక్కువ వేటాడతాయి. ఈ పనులు చేద్దాం:

1. పిచ్చికుక్క రోగం టీకా వేరు, డిస్టెంపర్ టీకా వేరు. పశువుల దవాఖానలో రెండూ అడగాలి.
2. రాత్రిపూట కుక్కను కట్టేయాలి.
3. రోగం ఉన్న పిల్లను పెంటకు తీసుకపోవద్దు.
4. హాస్టల్ వెనుక అన్నం పారబోయవద్దు. దానికే కుక్కలు గుంపు కడుతున్నయి. ఒక గుంత తవ్వించాలని వార్డెన్ సారును కోరుతున్నాను. తవ్వడానికి మేము వస్తాం.

కర్రోడు బాగుండాలి, పులీ బాగుండాలి.