చెట్టు కొట్టే ముందు పటం గీయాలి



"వర్షారణ్యాలను ఎలా కాపాడాలి?" అని పరీక్షలో అడిగితే మన పిల్లలు "చెట్లు నరకకూడదు" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. మార్కు కూడా పడుతుంది. మరి ఇంట్లో తలుపులకీ, మంచాలకీ కలప ఎక్కడి నుంచి వస్తుందని అదే పిల్లవాడు మిమ్మల్ని అడిగితే?

బోర్నియో దీవిలో మలేషియాకు చెందిన సబా రాష్ట్రం ఉంది. అక్కడి అడవుల్లో కలపకు ఎక్కువగా కొట్టేది డిప్టెరోకార్ప్ వృక్షాలను. మన గుగ్గిలం చెట్టుదీ ఆ కుటుంబమే. హెక్టారుకు, అంటే సుమారు రెండున్నర ఎకరాలకు, కొట్టేది కొద్ది చెట్లనే. అయినా అడవి ఛిద్రమైపోతుంది. ఎందుకంటే చెట్టుకీ చెట్టుకీ మధ్య లావాటి తీగలు పెనవేసుకుని ఉంటాయి. ఒకటి కూలితే పక్కవాటినీ లాగేస్తుంది. ఆ తర్వాత దుంగ ఎక్కడుందో వెతుక్కుంటూ బుల్డోజర్ తిరుగుతుంది. అది లేత మొక్కలను తొక్కేస్తుంది, తడి నేలను అణగదొక్కుతుంది. అసలు నష్టం రంపంతో కాదు, ఈ తిరుగుడుతోనే ఎక్కువ.

1992లో అక్కడే 1,400 హెక్టార్లలో మరో పద్ధతి మొదలుపెట్టారు. ఒక అమెరికా విద్యుత్ సంస్థ, తాను వదిలే కర్బనానికి బదులుగా, డబ్బు పెట్టింది. కోతకు నెలల ముందే తీగలు తెగ్గొట్టారు. ప్రతి పెద్ద చెట్టునూ పటంలో గుర్తించారు. ఏ చెట్టు ఎటు పడాలో, దుంగలు లాగే దారి ఎటు పోవాలో ముందే నిర్ణయించారు. వాగు ఒడ్డులను, బాగా ఏటవాలు నేలలను వదిలేశారు. నేల తడిగా ఉంటే యంత్రం కదలకూడదన్నారు.

కోత జరిగిన ఏడాదికి కొలిచి చూస్తే, మామూలు పద్ధతిలో కొట్టిన చోట అడవి జీవద్రవ్యంలో 44 శాతమే మిగిలింది. కొత్త పద్ధతిలో 67 శాతం మిగిలింది. జాగ్రత్త పడినా మూడో వంతు పోయిందని కూడా పిల్లలకు చెప్పండి. ఇది పూర్తి పరిష్కారం కాదు. పైగా వదిలేసిన చెట్ల మేరకు ఆదాయం తగ్గుతుంది. ఎన్ని దుంగలు తెస్తే అంత కూలి అన్నచోట ఓపిగ్గా పనిచేసేవారు తక్కువే.

ఈ ఆదివారం ఒక గ్రాఫు కాగితం తీయండి. ఒక వాగు, నలభై చెట్లు గీయించి, వాటిలో ఐదింటికి గుర్తు పెట్టించండి. ఆ ఐదు దుంగలూ రోడ్డుకు చేరడానికి అతి తక్కువ గళ్లు తొక్కే దారిని మీ అబ్బాయో, అమ్మాయో కనిపెట్టాలి. వాగు దాటకూడదు. తర్వాత అదే కాగితం మీద, పటం చూడని డ్రైవరు ఎలా తిరుగుతాడో ఎర్ర పెన్సిల్‌తో మీరు గీసి చూపించండి.