పెరటికి వచ్చే దూరదేశపు అతిథులు

తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెబుతారు. అయితే ఏటా ఋతువు తప్పకుండా మన ఊళ్లకు వచ్చే అతిథులు కూడా ఉన్నాయి. అవి వలస పక్షులు. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండలు, నడుమ కుందూ నది పారే నల్లరేగడి నేల గల నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం వాటికి శీతకాలపు విడిది.

ఆ అతిథులలో పలిసపిట్ట ఒకటి. గులాబివన్నె మేను, నల్లని తల, రెక్కలు గల ఈ పక్షి గోరువంకకు దగ్గరి చుట్టం. తూర్పు ఐరోపా, మధ్య ఆసియా గడ్డిభూములలో పిల్లలను పెంచి, చలికాలానికి గుంపులుగా మన జొన్నచేలపై వాలుతుంది. పొన్నంకిపిట్ట హిమాలయ పాదప్రాంతాల నుండి, మధ్య భారతం నుండి రాత్రివేళ ఎగిరివస్తుంది. పలు వన్నెలు ఒక్క మేనిలో కలిగినందున ఉత్తరాదివారు దీనిని 'నవరంగ్' అన్నారు. పసిడివన్నె వంగపండుపిట్ట, పొడవాటి తోక గల తోకపిగిలిపిట్ట కూడా ఈ కాలంలో కనిపిస్తాయి. నెల్లూరులో పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు జెర్డాన్ ఇటువంటి తెలుగు పేర్లను 1862-64 నడుమ వెలువడిన తన 'భారతదేశ పక్షులు' అనే గ్రంథంలో పొందుపరచాడు.

ఈ పక్షులను పెరటికి రప్పించడం ఎట్లా? పాశ్చాత్య దేశాలలో గింజల పళ్లేలు వేలాడదీస్తారు. మన ఇళ్లలో చూరుకు వరికంకుల కుచ్చులు కట్టే ఆచారం ఉంది. అవి పిచ్చుకలకు విందు. పొన్నంకి, తోకపిగిలి పిట్టలు మాత్రం గింజలు ముట్టవు. పురుగులే వాటి ఆహారం. వంగపండుపిట్ట రావి, మర్రి పండ్లను కోరుతుంది. పలిసపిట్టకు జొన్నగింజలతోపాటు మోదుగ, బూరుగ పూల తేనె ఇష్టం. కనుక అతిథి రుచి ఎరిగి విందు సిద్ధం చేయాలి.

పెరట్లో చెట్టునీడను మిగల్చాలి. రాలిన ఆకులను తగులబెట్టక ఒక మూల ఉంచితే, పొన్నంకిపిట్ట వాటిని తిరగవేస్తూ పురుగులను ఏరుకుంటుంది. వెడల్పైన మట్టిమూకుడులో రెండు అంగుళాల లోతు నీరు పోసి, ప్రతిదినం మార్చాలి. పురుగుమందు చల్లరాదు. పిల్లులను దూరంగా ఉంచాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ పక్షులను పట్టి పంజరంలో ఉంచడం నేరం.

జొన్నకంకులు తింటుందని రైతు పలిసపిట్టను అదిలిస్తాడు. అది సహజమే. కాని అదే పక్షి మిడతలను కూడా తింటుంది. చైనాలోని షింజియాంగ్ ప్రాంతంలో మిడతల బెడద నివారణకై రాళ్లగుట్టలు పేర్చి, వీటికి గూళ్లు ఏర్పరచారు.

నందికొట్కూరు సమీపాన గల రోళ్లపాడులో 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం ఏర్పడింది. చుట్టుపట్ల గడ్డిభూములు తరిగిపోగా ఆ పక్షి అక్కడ దాదాపు కనుమరుగైంది. నివాసం పోయిన తరువాత పక్షిని రప్పించడం కష్టమని ఈ ఉదంతం తెలుపుతుంది. వేల మైళ్లు దాటి వచ్చిన అతిథికి ఒక చెట్టు, ఒక మూకుడు నీరు ఇవ్వడం ప్రతి ఇంటికీ సాధ్యమైన ఆతిథ్యమే.

అర్థాలు: విడిది = తాత్కాలిక నివాసం; మేను = శరీరం; పసిడి = బంగారం; ఉదంతం = వృత్తాంతం

ప్రశ్నలు:
1. గింజల పళ్లెం అన్ని వలస పక్షులనూ ఎందుకు ఆకర్షించలేదు?
2. పలిసపిట్ట వల్ల రైతుకు కలిగే లాభనష్టాలను వివరించండి.